గోడ మీది మనిషి

జూన్ 10, మంగళవారం

వకీలు మేడమ్ ఆఫీసుకు వెళ్లి వచ్చాను. తమ్ముడి అప్పీలంతా ఒక్క ఫొటో మీద నిలబడిందట. దొంగతనం జరిగిన ఇంటికి ఎదురింటి టీచరమ్మ, ఆ గోడ దిగిన మనిషి వీడేనని మా నరేష్‌ను గుర్తుపట్టింది కదా— అంతకుముందే పోలీసులు ఆమెకు ఫోన్‌లో ఫొటో చూపించారు. వాడొక్కడిదే. తర్వాత జైల్లో వరసగా నిలబెడితే, చూసిన ముఖాన్నే చూపించింది.

"ఆ ఫొటో బోనాల ఫ్లెక్సీలోంచి కత్తిరించిందే. ఆ ఫ్లెక్సీ ఆమె కిటికీ ఎదురుగానే ఉండేదని చూపించగలిగితే మనకు చాలా బలం. అప్పటి ఫొటో ఏదైనా ఉందా మల్లేశ్ గారూ?"

వెతుకుతానన్నాను. వెతకక్కర్లేదు. నా ఫోన్‌లోనే ఉంది.

జూన్ 11

ఇక్కడైనా రాయనీ. ఆ రోజు ఆ ఇంటి గోడ దిగింది నరేష్ కాదు. నేను.

ముందటేడు ఆషాఢం. తమ్ముడు ఎవరి లొల్లిలోనో ఇరుక్కుని ఒకసారి ఠాణాకు పోయి వచ్చాడు. అప్పట్నుంచి బస్తీలో అందరూ అదోలా చూడటం. నలుగురిలో వాడి ముఖం మంచిగా కనబడాలని చందా ఇచ్చి ఫ్లెక్సీలో వేయించాను. శాలిబండ గల్లీలో ఆ ఇంటి ప్రహరీ మీద కట్టారు. వెళ్లి చూస్తే వాడి ముఖమున్న మూలే మడతపడి ఉంది! మధ్యాహ్నం, గల్లీలో ఎవరూ లేరు, ఆ ఇంటికి తాళం. ప్రహరీ ఎక్కి తాడు బిగించాను. దిగి ఫొటో తీసుకుని, సంబరంగా ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

సాయంత్రానికి ఆ ఇంట్లో బంగారం పోయిందన్నారు. ఎవడు దూరాడో నాకు తెలియదు. టీచరమ్మ చూసింది మాత్రం నన్నే. అన్నదమ్ములం... అదే ముక్కు, అదే దవడ.

ఫొటోలో తేదీ, టైమూ ఉన్నాయి. ఇస్తే ఎవరు తీశారని అడుగుతారు.

జూన్ 14

తేలు కుట్టిన దొంగ అంటారు. నేను దొంగను కూడా కాదు, అయినా నోరు పెగలడం లేదు. ఛీ.

జూన్ 19

ఈ ఏటి బోనాల చందాకు బస్తీ పోరగాళ్లు వచ్చారు. "మల్లేశన్నా, ఈసారి నరేషన్న ఫొటో పెద్దగ ఏపిద్దామా?" పాల క్యాను ఎత్తి కొట్టినంత పని చేశాను. వాళ్లేం చేశారు పాపం, ప్రేమతోనే అడిగారు.

జూన్ 22, ఆదివారం

మాదన్నపేట మార్కెట్. బెండకాయలు ఏరుతుంటే పక్కన టీచరమ్మ.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."

"కోర్టుల జూసుంటరమ్మా. నరేష్ వాళ్ల అన్నను."

ఆమె ముఖం వాడిపోయింది. "ఆ అబ్బాయికి శిక్ష పడిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదండీ. కానీ చూసిందే చెప్పాను బాబూ. నాకెందుకండీ అబద్ధం?"

నిజమే, ఆమెకెందుకు? మాట అయిపోయినా ఇంకా నా ముఖంలోకే చూస్తోంది... ఆ పక్క నుంచి, ఈ పక్క నుంచి. ఏరిన బెండకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

జూన్ 23

నా భార్య సుజాతకు చెప్పేశాను. బట్టలు మడతపెడుతోంది. చేతులు ఆగలేదు.

"ఇప్పుడు జెప్తే ఎవడు నమ్ముతడు? ఇద్దర్ని లోపలేస్తరు. పిల్లలను వట్టుకొని నేనేడికి వోవాలె?"

తర్వాత వంటింట్లో ఏడ్చింది. దగ్గరికి పోవడానికి నాకు ముఖం చెల్లలేదు.

జూన్ 26

జైల్లో ములాఖత్. ఇనుప జాలీ అవతల తమ్ముడు. మస్తు చిక్కిపోయాడు.

"మేడమ్ ఏమన్నది అన్నా?"

"ఫికర్ చెయ్యకన్నది."

ఇవాళ చెప్పి తీరాలనే పోయాను. నోరు తెరిచాను... వాడే ముందు అన్నాడు.

"ఆ దినం ఫ్లెక్సీ సరిజేసింది నువ్వే గద."

"ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్పాలె? పొద్దుగూకినంక అటు వోయిన. తాడుకున్న ముడి జూసిన. మన బర్రెలకు నువ్వేసే ముడి."

"గట్లయితే... పోలీసులు వచ్చినప్పుడే తెల్సా నీకు?"

"తెల్సు."

"మరి చెప్పలేదేందిరా!"

కోపంగా అనలేదు వాడు. అంటే బాగుండేది.

"నువ్వు జెప్తవని జూసిన అన్నా."

టైమ్ అయిపోయిందని లేపేశారు.

జూన్ 27

పాలు పితకలేదు. సుజాతే పితికింది.

జూన్ 29, ఆదివారం

రేపు వాదనలు. మేడమ్‌కు ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

"చెప్పండి మల్లేశ్ గారూ."

"రేపు... ఎన్ని గంటలకు రావాలమ్మా?"

"పదిన్నరకు. ఇంకేమైనా చెప్పాలా?"

గుమ్మంలో సుజాత నిలబడి నన్నే చూస్తోంది. నేను ఫోన్ పెట్టేయలేదు. మేడమ్ కూడా పెట్టేయలేదు.

"హలో? ఉన్నారా?"

"ఉన్ననమ్మా," అన్నాను.