జంపఖానాకు ఒక వాటా

6 జూన్ 1988, సోమవారం

వచ్చింది! కొత్త కంప్యూటర్!

స్టేషన్ నుంచి తోపుడు బండి మీద, పైన గోనె పట్టా కప్పుకొని, పెళ్ళికూతురిలా. నేత సంఘం ఆఫీసు ముందు సగం కొత్తవాడ మూగింది. సెక్రటరీ రాజలింగం గారు మానిటర్ నెత్తిన బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు కీబోర్డు మీద పడబోతే కొంగు అడ్డం పెట్టాను.

"పుణ్యమంత నీ కొంగుకే పాయె గదా పద్మా!" అన్నారాయన.

అందరూ నవ్వారు. నేనూ.

పోయిన నెల పిడుగుకు మాడిపోయిన పాత మిషన్ పక్క గదిలో ఉంది. పాపం, ఎవరూ దాని వైపు చూడలేదు. కొత్తదాంట్లో హార్డ్ డిస్క్ ఉంది. ఆన్ చేస్తే లోపల సన్నగా రాట్నం తిరిగినట్టు చప్పుడు... ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

7 జూన్

సంబరం ఒక్క పూటే.

మా డిజైన్ల ఫ్లాపీ పెట్టాను. చదవనంటోంది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. అదే మాట. పాత మిషన్ సీపీఎం అనే సిస్టం మీద నడిచేది. ఇది డాస్ మీద నడుస్తుంది. దాని రాత దీనికి రాదు.

జంపఖానా డిజైన్లన్నీ ఆ ఫ్లాపీల్లోనే. నాయిన కళ్ళు మూసుకుని వరస చెప్పేవాడు, నేను గడికో అక్షరం కొట్టేదాన్ని. ఎరుపుకు ఒకటి, నలుపుకు ఒకటి. కుడి చెయ్యి పడిపోయినప్పటి నుంచి ఆయన గళ్ళ కాగితం మీద ఒక్క గీత గీయలేదు. నెమళ్ళ జంపఖానా డిజైన్ సగంలోనే ఉంది. హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు పంపాల్సింది అదే.

ఇంట్లో చెప్పలేదు. "కొత్తది మంచిగున్నదా?" అని అడిగాడు. మంచిగుందన్నాను.

8 జూన్

రాజలింగం గారు — "పాతయి పారెయ్యి బిడ్డా. మళ్ళ మొదలుపెట్టుండ్రి."

మళ్ళీనా? నాయినకు మాట కూడా తడబడుతోంది. ఒకసారి చెప్పింది మళ్ళీ అలాగే చెప్పమంటే... నోరు రాలేదు నాకు.

9 జూన్

ఖమ్మానికి ట్రంక్ కాల్. పోస్టాఫీసులో గంటలకొద్దీ కూర్చున్నాక నా నేస్తం వసంత గొంతు! మా డిజైన్ల ప్రోగ్రాం రాసింది తనే, ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో. ఏ వరస ఎలా తిరగాలో నేను చెప్తే తను రాసింది. పెళ్ళయి అక్కడుంది.

"డాస్‌కు పనికొచ్చేటట్టు మళ్ళ రాయాల్నంటె నెలలు పడ్తదే."

"నెలలు లేవు వసంతా."

లైన్ తెగిందనుకున్నా. అంతలో అరుపు —

"పద్మా! లోపల చిప్పు రెండిట్ల ఒకటే గదనే! ముందు సీపీఎం ఫ్లాపీ పెట్టు, తర్వాత స్విచ్ వెయ్యి. డాస్‌ను లేవనే లేవనియ్యకు!"

పోస్టాఫీసు నుంచి పరుగు. ఆఫీసుకు తాళం. రేపటిదాకా ఎట్లా ఆగాలి...

10 జూన్

లేచింది!!

ఫ్లాపీ పెట్టాను, స్విచ్ వేశాను. ఎర్ర లైటు, గరగర, చీకటి తెర. తర్వాత ఆ పాత అక్షరాలు, ఆ పాత పలకరింపు. సీపీఎం. కొత్త ఒంట్లో పాత ప్రాణం. గట్టిగా అరిచాను. పద్దులు రాసే శంకరన్న టీ గ్లాసు వదిలేశాడు.

"ఏమైందే? కరెంట్ కొట్టిందా?"

"సీపీఎం వచ్చిందన్నా, సీపీఎం!"

లోపలి గదిలోంచి రాజలింగం గారు — "సంఘంల రాజకీయాలు వద్దని ఎన్నిసార్లు జెప్పాలె!"

11 జూన్

తొందరపడ్డాను. ప్రోగ్రాం లేస్తోంది, చిన్న డిజైన్లు తెరుచుకుంటున్నాయి. నెమళ్ళది మాత్రం రెండు ఫ్లాపీల నిండా ఉంది, రెండూ ఒకేసారి కావాలంటుంది. పాతదానికి ఫ్లాపీ పెట్టే నోళ్ళు రెండు. దీనికి ఒక్కటే.

చోటు ఉన్నది హార్డ్ డిస్కులోనే. అదంతా డాస్‌ది.

13 జూన్

మళ్ళీ వసంతకు ఫోన్. "డిస్కును రెండు వాటాలు చెయ్యాలె. ఒకటి డాస్‌కు, ఒకటి సీపీఎంకు. ఏది లేవాల్నో నువ్వు చెప్తె అదే లేస్తది."

ఎంత బాగుంది!

"గాని వాటాలు చేసేటప్పుడు ఇప్పుడున్నదంత తుడుచుకపోతది."

ఇప్పుడున్నది శంకరన్న పద్దులు. నేతగాళ్ళందరి కూలి లెక్కలు. మిషన్ వచ్చినప్పటి నుంచి తలెత్తకుండా ఒక్కో వేలితో కొట్టాడు.

14 జూన్

శంకరన్నతో మాట్లాడాను. ముందు ఫ్లాపీల్లోకి ఎక్కించి దాచుదామన్నా ముఖం మాడ్చుకున్నాడు.

"నీ నెమళ్ళ కోసం నా కష్టం బుగ్గి చేస్తవా చెల్లె? రేపు కూలి తప్పువోతె మగ్గం దిగొచ్చి ఎవల్ని పట్టుకుంటరు? నిన్నా, నన్నా?"

నిజమే. ఆయన తప్పేమీ లేదు.

15 జూన్

ఈ రోజు నాయినకు అంతా చెప్పేశాను. ఆయన మెల్లగా, ఒక్కో మాటా పోగు అతికినట్టు —

"శంకర్‌ను... ఇంటికి... రమ్మను."

సాయంత్రం వచ్చాడు. నాయిన ఎడమ చేత్తో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. డిజైన్ మాట ఎత్తలేదు. "నీ పద్దులు పోతే... పద్మ కూసుంటది. మొత్తం... మళ్ళ కొడ్తది. నాది మాట."

శంకరన్న తల దించుకున్నాడు. గడప దాటేటప్పుడు నాతో — "ఆదివారం జేద్దాం. గాని నేను పక్కనే ఉంట."

మా ఇద్దరి తరఫునా శంకరన్నే రాజలింగం గారిని ఒప్పించాడు!

19 జూన్, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను?

ఫోన్‌లో మాటిచ్చినట్టే పొద్దున బండికి వసంత దిగింది, చంకన మూడు నెలల పాప! పాపను శంకరన్న ఎత్తుకున్నాడు. పద్దులన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించాం. ఎక్కినవి చదువుతున్నాయో లేదో చూద్దామంది వసంత. ఒకటి చదవలేదు. కొత్త ఫ్లాపీ తీసి మళ్ళీ ఎక్కించాం. చదివింది. ఇంకో నకలు కూడా, భయానికి.

తర్వాత వసంత నా వైపు చూసింది.

"నువ్వు నొక్కు."

"నువ్వే నొక్కవే!"

"నెమళ్ళు నీయి."

నొక్కాను. ఉన్నదంతా పోయింది. ఖాళీ డిస్క్. రెండు వాటాలు గీశాం. డాస్ వాటా తయారైంది. సీపీఎం వాటా సగంలో ఉండగా — కరెంటు పోయింది.

పాప ఏడుపు అందుకుంది. శంకరన్న ఆ గదిలో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతూ జోకొట్టాడు, పాపనో తననో. కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి గీశాం.

ముందు పద్దులు. నేనే అన్నాను, ముందు అన్నవే పెడదామని. పేరు తర్వాత పేరు తిరిగి వచ్చేసింది. శంకరన్న ఒక్కొక్కటీ చూసి "ఉన్నది... ఉన్నది... ఇదీ ఉన్నది!"

తర్వాత వాటా మార్చి, మళ్ళీ స్విచ్ వేశాం. సీపీఎం. ప్రోగ్రాం. రెండు ఫ్లాపీలూ ఒకదాని తర్వాత ఒకటి లోపలికి. నెమలి తోక వరస వరసగా తెర మీదికి దిగింది. ఆకుపచ్చ అక్షరాలతో అల్లిన నెమలి.

నేనూ వసంతా చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. ఆఫీసులో! పగటి పూట!

20 జూన్

పొద్దున పద్దులు, మధ్యాహ్నం నెమళ్ళు. శంకరన్న లేచిపోతూ వాటా తనే మార్చి ఇచ్చాడు. "ఇగో, నీ ఇంటి తలుపు తీసిన."

22 జూన్

నాయినను రిక్షాలో తెచ్చాం. తెర ముందు కూర్చోబెట్టాను. అన్నీ అక్షరాలే, ఒక్క రంగు లేదు. అయినా చూస్తూ చూస్తూ ఎడమ వేలు ఎత్తాడు.

"గీడ... ఎరుపు గాదు."

నిజమే. నేనే తప్పు కొట్టాను, ఎప్పుడో.

"పసుపు. మెడ... మెరవాలె."

29 జూన్

రోజూ కొన్ని వరసలు. అలసిపోతే ఆపేస్తాడు. వద్దన్నా మళ్ళీ మొదలుపెడతాడు. ఈ రోజు రెండో నెమలి కన్ను. మూడు సార్లు మార్చాడు. చివరికి "ఆఁ. ఇప్పుడు జూస్తాంది."

4 జూలై

అయిపోయింది. ప్రింటర్ పొద్దుటి నుంచి కీచుమంటూనే ఉంది. కాగితాలు అతికించి నేల మీద పరిచాం, గది సరిపోలేదు, వరండాలోకి వెళ్ళింది. నేతగాళ్ళు చెప్పులు విప్పి దాని చుట్టూ నడిచారు.

5 జూలై

పడుగు ఎక్కించారు.

24 జూలై

దిగింది. మగ్గం మీంచి దించి ఆఫీసు ముందు పరిచారు. ఎరుపు, నీలం, ఆ మెడ దగ్గర పసుపు! నాయిన దాని మీద కూర్చున్నాడు. ఎడమ అరచేత్తో నెమలి మెడ నుంచి తోక దాకా నిమిరాడు. రాజలింగం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

రేపు లారీకి పోతుంది.

27 జూలై

సీపీఎం వాటా ఇక ఎందుకని రాజలింగం గారు అడిగారు. పద్దులు పెరుగుతున్నాయి, చోటు కావాలి. దసరా దాకా చూద్దామన్నారు. శంకరన్న నా తరఫున మాట్లాడాడు.

వసంత దగ్గర్నుంచి కబురు — డాస్‌కు తిరగరాయడం మొదలుపెట్టిందట, పాప పడుకున్నప్పుడు. ఏది ముందు అవుతుందో, దసరానో ప్రోగ్రామో.

30 జూలై

నాయిన తనంతట తనే ఆఫీసుకు పోదామన్నాడు. ఎందుకంటే చెప్పడు. తెర ముందు కూర్చుని — "కొత్తది... తెరువు."

ఖాళీ గళ్ళు తెరిచాను. ఇన్నేళ్ళలో నాకు తెలియని డిజైన్ ఆయన దగ్గర లేదనుకున్నాను.

"నలుపు. నలుపు. తెలుపు. నలుపు... నీలం."

అంచు కాదు. పువ్వు కాదు. పిట్ట కాదు. ఇలాంటి వరస ఎప్పుడూ వినలేదు.

"ఏంది నాయినా ఇది?"

"ముందు... కొట్టు బిడ్డా."

కొడుతున్నాను. మూడు వరసలయ్యాయి. ఇంకా ఏమీ తెలియడం లేదు.