గేర్‌బాక్స్ మాడు

1948 మే 3, సోమవారం

రాసేది నా కోడలు కృపావతి. మాట నాది, మంత్రసాని మగ్దలేనమ్మది. నాకు అక్షరం రాదు. అయినా నా వాదన కాయితం మీద ఉండాలి. నా కొడుకు సలోమోను తన మోటారు సైకిలు అమ్మకూడదు.

పటాలం నుంచి వస్తూ వేలంలో కొన్నాడు. మొదట దాన్ని దెయ్యమన్నది నేనే. ఒకనాడు వెనక కూర్చున్నాను. మామిడితోటలు ఎదురు పరుగెత్తుకొచ్చాయి. కడుపులో బిడ్డ కదిలినట్టు ఇనుము నా కింద కదిలింది. ఇన్ని పురుళ్ళు పోసిన దాన్ని, దిగగానే ఇంకోసారి తిప్పరా అన్నాను. ఇక్కడ కృపావతి నవ్వింది. నవ్వినట్టు కూడా రాయమన్నాను.

ముసునూరులో పార్వతికి నెలలు నిండాయి. కిందటి రెండు కాన్పులకీ నేను నడిచి వెళ్ళేసరికి బిడ్డ దక్కలేదు. ఈసారి బండి మీదే వెళ్ళాలి. కానీ గేర్‌బాక్స్ నెత్తిన సన్నటి బెజ్జం ఉంది. అందులోంచి ఆయిల్ కక్కుతోంది. సలోమోను రోజూ పోస్తాడు, అది రోజూ కక్కుతుంది. విసిగిపోయాడు. ఆదివారం మైలవరం షావుకారు వస్తే ఇచ్చేస్తాడట. పార్వతి అప్పటిలోగా కంటుందా అన్నాను. మంత్రసానివి నువ్వు, నన్నడుగుతావేంటమ్మా అన్నాడు.

మే 4

వేపపుల్ల చెక్కి, గుడ్డ చుట్టి ఆ బెజ్జంలో బిగించాను. కారే కుండకి చేసేది అదే. వాడికి చెప్పలేదు.

మే 5

పడ్డాం.

మే 6

మోచెయ్యి వాచి, ఆ నొప్పికి నిన్న ఒక్క మాటకు మించి రాయించలేకపోయాను. నిన్న పార్వతిని చూసి బండి మీద వస్తున్నాం. నెత్తిన దారి లేక ఆయిల్ పక్కన, కారకుండా ఇరుసు చుట్టూ బిగించే సీల్‌ని తన్నుకుని వచ్చింది. వెనక చక్రం తడిసి జారింది. పళ్ళు మాగవేసే గడ్డి మీద పడ్డాం కనక బతికాం. సలోమోను పుల్ల పీకి చూశాడు. నేనే పెట్టానురా అన్నాను. ఇంత గట్టిగా బిగించేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరున్నార్లే అన్నాడు. ఇక అమ్మెయ్యడమే అన్నాడు.

పార్వతి కాన్పుకైనా అందాలని బతిమాలితే, ఈవేళ నూజివీడుకి తోసుకెళ్ళాం. బస్సుల మెకానిక్ సవరయ్య అంతా విని, తల్లీకొడుకులు పోటీపడి దీని ప్రాణం తీస్తున్నారా అండీ అన్నాడు. బండి నడిచేటప్పుడు గేర్‌బాక్స్ లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుందట. ఆ బెజ్జం దానికి ఊపిరట. కక్కడమేమో మా వాడి చలవేనట, లెవెల్ దాటి పోస్తున్నాడట. కొత్త సీల్ వేసి, మళ్ళీ ఆయిల్ పోసి, పక్కనున్న బిరడా విప్పాడు. ఎక్కువైనదంతా కారి తనంతట తానే ఆగింది. ఇదే లెవెలన్నాడు.

పాలెక్కువైతే పసిబిడ్డ కక్కదా? ఎందరినో భుజాన వేసుకున్న నాకు ఆ సంగతి తట్టలేదు. ఇనుమే కదా అనుకున్నాను.

అటు తిప్పి, ఇటు తిప్పి, బండి వేడెక్కాక సవరయ్య నన్ను ఆ బెజ్జం మీద వేలు ఉంచమన్నాడు. వెచ్చటి ఊపిరి తగిలింది. పసిపిల్ల మెత్తటి మాడు మీద వేలు పెడితే ఎలా కొట్టుకుంటుందో అలా ఉంది. గబుక్కున తీసేశాను. మాడు నొక్కకూడదు. దారంతా ఆ చెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. జ్వరమొచ్చిందా అని సలోమోను రెండుసార్లు అడిగాడు.

మే 8

తెల్లవారుతూనే పార్వతి మామ కబురు తెచ్చాడు. నొప్పులు. బండి ఎగిరింది. చుక్క కారలేదు. నేను గడప దాటేసరికి బిడ్డ ఇంకా రాలేదు. వచ్చేటప్పుడు మెడకు బొడ్డుపేగు చుట్టుకుని వచ్చింది. తప్పించాను. కాసేపు ఊపిరి లేదు. తర్వాత ఏడ్చింది. ఆడపిల్ల. వాకిట్లో సలోమోను కూడా ఏడ్చాడని ఎవరో చెప్పారు. వాణ్ణి అడగలేదు.

మే 9, ఆదివారం

షావుకారు ఒట్టి చేతులతో వెళ్ళాడు.

పార్వతి బిడ్డ మాడుకి ఆముదం అద్ది వచ్చాను. గిన్నెలో కాస్త మిగిలింది. బండి బెజ్జం మూసుకుపోకుండా, దాని చుట్టూ అద్దాను. సలోమోను చూశాడు. బండి కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.