ఎడమ పక్క మాట

బుల్లీ,

నిన్ను తలుచుకోకుండా నా ప్రార్థన ఏ పూటా పూర్తి కాదని నీకు తెలుసు. దేవుడి దయవల్ల నేనూ మీ నాన్నా ఇక్కడ క్షేమంగా ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ పిట్టలూ, మన ఉత్తరాలు మోసుకొచ్చే ఆ పడవాయనా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. లేకపోతే మళ్ళీ అమ్మ సగం ప్రశ్నలు మింగేసిందంటావు. మీ నాన్న మోకాలు పరవాలేదు. బస్సు నడిపినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ఇంటికొచ్చాక నేను బజారు పని చెప్పగానే నొప్పి మొదలవుతుంది. వంటింటి కిటికీకి కొత్త గొళ్ళెం వేయించాం, ఇప్పుడు గాలికి కొట్టుకోవడం లేదు. నువ్వు చచ్చిపోయిందనుకున్న కుండీలోని మొక్క మొండిది, మళ్ళీ చిగురు వేసింది. మిల్లులో నా పని సంగతి అడిగావు. అది కాస్త ఆగి రాస్తాను.

ఇక అసలు ప్రశ్న. మీ ఆఫీసువాళ్ళు నీకు పట్నంలో కుర్చీ చూపించారు. ఆ చిత్తడి నేలల్లోనే ఇంకో మూడేళ్ళు ఉండి పిట్టల కూతలు రికార్డు చేసే పని పూర్తి చేస్తావో, పట్నానికి వచ్చి మాకు దగ్గరగా ఉంటావో తేల్చుకోమన్నారు. నువ్వేమో ఆ బరువు తెచ్చి నా నెత్తిన పెట్టావు. నీ ఉత్తరంలో ఆ నాలుగు ముక్కలూ నాకు కంఠతా వచ్చాయి. "అమ్మా, ఈ మెమరీ కార్డులో ఒక తెల్లవారుజాము పంపుతున్నాను. ఫోను స్పీకర్లో వినకు, అందులో సరిగ్గా తెల్లవారదు. చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్స్, వైర్లు లేనివి, షాపులో అన్నిటికన్నా మంచివి కొనుక్కుని విను. విన్నాక నువ్వు రమ్మంటే వచ్చేస్తాను."

నిజం చెప్పనా? వినకముందే నా జవాబు సిద్ధంగా ఉంది. వచ్చెయ్యమని. ఫోను పలకని చోట, మనిషి కనిపించాలంటే పడవెక్కాల్సిన చోట నువ్వు ఒంటరిగా ఉంటే నాకు అన్నం సయించడం లేదు. ఇంకో దిగులు కూడా ఉంది. ఇల్లు దాటాక నువ్వు దేవుణ్ణి తలుచుకోవడం మానేశావని నాకు అనుమానం. పోయినసారి వచ్చినప్పుడు నేను ప్రార్థనకు పిలిస్తే ఏదో పని ఉందని బయటికి వెళ్ళిపోయావు. నేనేమీ అనలేదు. మనుషులూ లేక, దేవుడూ లేక నా బిడ్డ ఎట్లా ఉంటుందని మాత్రం లోపల్లోపల నలిగాను. అయినా నువ్వు విని చెప్పమన్నావు కాబట్టి వినే చెబుదామనుకున్నాను.

బస్టాండు వెనక వీధిలో పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుకి మీ నాన్నతో వెళ్ళాను. గోడ నిండా హెడ్‌ఫోన్సే. వాటిని చూసి మీ నాన్న, "ఇన్ని రకాలా? చెవులు మాత్రం రెండే కదా" అన్నారు. పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె వచ్చి ఓపిగ్గా అన్నీ చెప్పింది. ఒకసారి ఛార్జింగు పెడితే ఎంతసేపు వస్తుంది, ఏది తేలిక, ఏది మడతపడుతుంది, ఏది బయటి చప్పుడుని ఎంత ఆపుతుంది. నాకు సగమే తలకెక్కింది. నేను నాకు తెలిసిన పద్ధతిలో చూసుకున్నాను. ముందు చెవి మీద ఆనే మెత్తటి దిండు తిప్పి కుట్టు చూశాను. కొన్నిటికి కుట్టే లేదు, జిగురు పెట్టి అతికించారు. అవి పక్కన పెట్టించాను. తర్వాత పైతొడుగు వేళ్ళ మధ్య నలిపి చూశాను. పెళుసుగా ఉన్నవి చెమట తగిలితే పొరలు లేస్తాయి. ఆ అమ్మాయి నవ్వి, "ఆంటీ, అందరూ ముందు పాట వింటారు, మీరేంటి బట్టలకొట్టుకి వచ్చినట్టు చూస్తున్నారు?" అంది. "మగ్గం మీద బతికేదాన్ని తల్లీ, ఇంకోలా చూడటం రాదు" అన్నాను.

మిగిలినవి తలకి పెట్టుకుని చూశాను. ఒకటి తలని పట్టకారుతో పట్టినట్టు పట్టింది. ఇంకొకటి నా జుట్టు ముడి మీంచి జారి మెడలోకి వచ్చేసింది. మరొకటి కళ్ళజోడు కాడల్ని కణతలకి గుచ్చింది. ఆఖరికి ఒకటి, నల్లది, చెవుల చుట్టూ అరచేతులు ఆనించినట్టు మెత్తగా కూర్చుంది. అప్పుడు ఆ అమ్మాయి దాని పక్కనున్న మీట నొక్కింది.

బుల్లీ, షాపు మాయమైపోయింది.

ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, వాటి రొద లేదు. బయట బస్సులు కదులుతున్నాయి, మోత లేదు. గోడమీద అన్ని టీవీలూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, మాట లేదు. ఇన్నేళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డాను కదా, నా తలలో ఎప్పుడూ ఒక మగ్గం ఆడుతూనే ఉంటుంది, అది కూడా ఎక్కడో దూరంగా చిన్నగా మిగిలింది. మిగతా లోకమంతా చేతులు కట్టుకుని నిలబడింది. ప్రార్థనలో కూర్చుని నేను వెతుక్కునేది, ఎప్పుడో ఒకసారి దొరికి జారిపోయేది, ఆ నిశ్శబ్దాన్ని ఎవరో మనుషులే ఇంత చిన్న వస్తువులో పట్టి పెట్టారు. మీ నాన్న పెదాలు కదిలాయి. "బాగుందా?" అంటున్నారు. "బాగుందండీ" అన్నాను. షాపు అదిరేలా అన్నానట. జనమంతా తిరిగి చూశారట. గట్టిగా తుమ్మడానికే మొహమాటపడే మనిషినా ఇలా అరిచింది అని మీ నాన్న ఇప్పటికీ ఆటపట్టిస్తున్నారు.

అక్కడ ఒక చిన్న పేచీ వచ్చింది. అదీ తర్వాత రాస్తాను. మొత్తానికి ఆ నల్లవే తెచ్చుకున్నాం.

మిల్లుకి సెలవు రోజు మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మీ నాన్న కార్డు ఫోనులో పెట్టి హెడ్‌ఫోన్స్ కలిపారు. ఫోను మొదట బ్లూటూతులో పక్కింటివాళ్ళ టీవీతో చెలిమి చేసింది, వాళ్ళింట్లో నీ పిట్టలు కాసేపు గోల చేశాయి. తర్వాత నా దగ్గరికొచ్చాయి.

ముందు నీళ్ళు. పెద్ద చప్పుడేం కాదు, గట్టుని నాకుతున్నట్టు. తర్వాత రెల్లు ఆకులు ఒకదానికొకటి రాసుకోవడం. ఎక్కడో ఒక పిట్ట ఒకే ఒక్క మాట అడిగి ఊరుకుంది. దూరం నుంచి ఇంకొకటి జవాబిచ్చింది. ఆ జవాబు అందుకుని మూడోది. పడుగు మీద ఒక్కో పోగూ వచ్చి పడుతున్నట్టు అలా పేరుకుంటూ పేరుకుంటూ, చూస్తుండగానే నిండు థాను బట్ట అయిపోయింది. ఏ పోగూ ఇంకో పోగుని తొక్కలేదు. మా మగ్గాల షెడ్డులో ఒక చిన్న నమూనా నేయాలంటే ఎంతమంది తలలు పట్టుకుంటారో నాకు తెలుసు. అక్కడ ఎవరు కూర్చుని నేస్తున్నారు అంత పని? ఉన్నట్టుండి పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఆ రెక్కల చప్పుడుకి నేను కుర్చీలో తల వంచుకున్నాను. అవి నా నెత్తి మీంచే వెళ్ళాయి.

ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. మీ నాన్న వచ్చి భుజం తట్టారు. నా మొహం చూసి మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చారు.

అంత విన్నాక కూడా నా జవాబు మారలేదు. నీ మీద ఒట్టు. అది దేవుడు స్వయంగా కూర్చుని పనిచేసే చోటే, ఒప్పుకుంటాను. కానీ అంత గొప్ప తెల్లవారుజాములో నా బిడ్డ ఎక్కడ? వెతుక్కుంటూ విన్నాను. దగ్గు లేదు, అడుగు చప్పుడు లేదు, ఊపిరి లేదు. అక్కడ నువ్వు లేవని అనిపించి భయమేసింది.

ఇప్పుడు దాచిన సంగతి రాస్తాను. చివరిదాకా చదివాకే లే, మధ్యలో లేచి సంచీ సర్దుకోకు.

షాపులో పేచీ ఏమిటంటే, నేను పెట్టుకున్న ప్రతి దానికీ ఎడమ పక్క పనిచెయ్యలేదు. ఆ అమ్మాయి ఒక అడుగుల చప్పుడు వినిపించింది. మనిషి ఎడమ నుంచి కుడికి నడిచి వెళ్ళినట్టు ఉంటుందట. నాకు ఎప్పుడూ కుడి పక్కే నడక మొదలయ్యేది. "ఇది పాడైంది, ఇంకోటి ఇవ్వు తల్లీ" అన్నాను. ఇంకోటీ అంతే. తర్వాతదీ అంతే. మా షెడ్డులో చప్పుడు ఆగిందంటే తప్పు మగ్గానిదే, మనిషిది అనే ఆలోచనే రాదు. షాపులో సరుకంతా పుచ్చిపోయిందని మనసులో ఆ యజమానిని తిట్టుకున్నాను కూడా. ఆ అమ్మాయి వాటిని తన చెవులకి పెట్టుకుని చూసింది. తర్వాత మెల్లగా నా తలమీద అటుది ఇటు తిప్పి పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి ఆంటీ, ఏ పక్క వినిపిస్తోంది?"

"కుడి పక్కే."

ఆ పిల్ల మొహం మారింది. హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి, "ఇవి బాగానే ఉన్నాయి ఆంటీ" అంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎడమ చెవి పోయింది బుల్లీ. నరం దెబ్బతిన్నదట, ఇక రాదట. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఎలా తెలుస్తుంది చెప్పు, మేమంతా షెడ్డులో పెదాలు చదువుకునే బతుకుతాం. చెవితో పనేముంది? ఇంట్లో కూడా మీ నాన్న పొద్దున డ్యూటీ కోసం నిద్రపోతుంటే నువ్వూ నేనూ వంటింటికీ వసారాకీ మధ్య పెదాలతోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళం. కుడి చెవి బాగానే ఉంది. దాన్ని కాపాడుకోమన్నారు. అందుకే మిల్లులో నన్ను మగ్గాల దగ్గర్నుంచి తీసి నేసిన బట్టలో లోపాలు చూసే గదిలో వేశారు. అక్కడ మాటలు వినిపిస్తాయి. అందరూ ఎంత వాగుతారో ఇప్పుడు తెలిసింది.

ఈ సంగతి నీకు రాయకూడదనే అనుకున్నాను. రాస్తే, నేను రమ్మనక్కర్లేకుండా నువ్వే పరుగెత్తుకొస్తావు. ఆ ఆశ కూడా ఒక పక్క లేకపోలేదు. కానీ ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే ఇది చెప్పక తప్పదు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక నాకు ఒకటి తట్టింది. నువ్వు పంపినదాంట్లో నేను విన్నది సగమే కదా. ఎడమ పక్కది ఒక్క ముక్కా వినలేదు. షాపులో ఆ అమ్మాయి చేసినట్టే హెడ్‌ఫోన్స్ అటుది ఇటు తిప్పి పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి పెట్టించుకున్నాను.

అటు పక్క పిట్టలు దూరంగా ఉన్నాయి. దగ్గరగా, నా చెవికి ఆనుకున్నట్టు, ఒక ఊపిరి ఉంది. నీదే. నిద్రలో నీ ఊపిరి లెక్కపెట్టుకున్నదాన్ని, నాకు తెలియదా? బట్టల చిన్న అలికిడి. మైకు పక్కన నిలబడి ఉన్నావు. మొదటి పిట్ట పలకడానికి కొంచెం ముందు నువ్వు గొంతులోనే అన్నావు.

"తండ్రీ, పని నీది. చెయ్యి మాత్రం నాది."

బుల్లీ, ఆ మాట ఎక్కడిది? నేను పొద్దున మగ్గం మీద చెయ్యి వేసే ముందు అనుకునేది. ఎవరూ నేర్పలేదు, నాకు నేనే అల్లుకున్నది. దాన్ని నేనెప్పుడూ పైకి అనలేదు. అన్నా ఆ మోతలో ఎవరికి వినిపిస్తుంది? మీ నాన్నకు కూడా తెలీదు. చిన్నప్పుడు బడి సెలవుల్లో నువ్వు నాతో వచ్చి షెడ్డు గుమ్మం దగ్గర గోనె మీద కూర్చునేదానివి. అక్కడి నుంచి నా పెదాలు చదివావన్నమాట. చదివి, నాతో ఒక్క మాట చెప్పకుండా, ఇన్నేళ్ళు దాచుకున్నావు. నేనేమో నీకు దేవుడు లేడని కుమిలిపోతున్నాను. నేను చప్పుడు లేకుండా అనుకున్న మాటని మొదటిసారి మనిషి గొంతులో విన్నాను, అది నీ గొంతు. రెండు చెవులూ ఉన్నవాళ్ళయితే అన్నీ కలిపి వినేవాళ్ళు, నీళ్ళ చప్పుడులో, రెల్లు గలగలలో ఆ గుసగుస మునిగిపోయేదేమో. దేవుడు నాకు ఒక చెవి తీసి, ఆ మాట విడిగా వినిపించాడు.

అక్కడే ఉండు. పని పూర్తి చెయ్యి. నేను మగ్గం మధ్యలో వదిలి ఏ రోజూ ఇంటికి రాలేదు, నువ్వూ రావద్దు. చెవి కోసమైతే అసలే రావద్దు, ఉన్న చెవి చాలు నీ మాట వినడానికి. పడవ తీరిక చూసుకుని ఎప్పటిలాగే సెలవులకి వస్తే, వంటింట్లోంచి పెదాలతో కబుర్లు చెప్పుకుందాం.

మీ నాన్న సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. సాయంత్రం వసారాలో ఆయన ఎప్పుడూ నా ఎడమ పక్క కుర్చీలో కూర్చునేవారు కదా. నేను పలకడం లేదని, ముసలితనంలో మొగుణ్ణి లెక్కచెయ్యడం లేదని దెప్పేవారు. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు కుర్చీ ఎత్తుకుని కుడి పక్కకి తెచ్చి వేసుకున్నారు. కాసేపటికి, "ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలా ఏమిటి?" అన్నారు. చెప్పండి అన్నాను. చెబుతున్నారు.

నువ్వూ అంతే చెయ్యి తల్లీ. ఈసారి తెల్లవారుజాము పంపేటప్పుడు మైకుకి కుడి పక్కన నిలబడు. పిట్టలూ నువ్వూ నాకు ఒకేసారి వినిపించాలి.

ఇట్లు,
నీ మాట కోసం కుడి చెవి భద్రంగా దాచుకున్న
మీ అమ్మ