పైవాళ్ళ ఫోను

పటమట,
సోమవారం.

రమా,

ఫోన్‌లో చెబుదామంటే మాట సగంలో ఉండగానే "భోంచేశారా?" అంటావు. అందుకే కాగితం తీసుకున్నాను. మీ అక్కయ్యగారి మోకాలు కుదుటపడుతోందని విని సంతోషించాను. ఇక నా సంగతి.

ఆటోనగర్‌లో పాత ఇనుము కొనే సాయిగణేష్‌తో మాట్లాడాను. ఆదివారం వచ్చి, మన డాబా మీది డిష్‌ని స్తంభంతో సహా విప్పుకుపోతాడు.

బీమా ఆఫీసు గుమాస్తా ఇతర లోకాల ప్రాణుల కోసం రేడియో తరంగాలు వినడమేమిటని నలభై ఏళ్ళుగా జనం నవ్వుతూనే ఉన్నారు. నా పదవీ విరమణ సభలో మా మేనేజరు ప్లాస్టిక్ రాకెట్ బహూకరించి చప్పట్లు కొట్టించాడు. ఆ మనిషి జన్మలో చదివింది సర్క్యులర్లు మాత్రమే. ఎదురింటి జక్కయ్య తన టీవీలో బొమ్మ పోయినప్పుడల్లా నా డిష్‌నే తిట్టాడు. కేబుల్ బిల్లు కట్టలేదన్న సంగతి మాత్రం ఆయనకు ఎన్నడూ గుర్తురాలేదు. నక్షత్రాల మధ్య దూరాల గురించి చదువుకున్నవాణ్ణి, జక్కయ్య ఏం నొప్పించగలడు?

కానీ మొన్న మీ పిన్నిగారి మనవరాలు శ్రీజ పెళ్ళిలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఆ హాల్లో, భోజనాల పంక్తిలో మీ తమ్ముడు ఉదయభాస్కర్ "ఏం బావగారూ, పైవాళ్ళు ఫోన్ ఎత్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. తల తిప్పి చూస్తే నువ్వూ నవ్వుతున్నావు. కొంగు అడ్డం పెట్టుకుని మరీ.

నిజమే, ఇన్నేళ్ళలో ఏమీ వినిపించలేదు. అందుకు ఏనాడూ దిగులుపడలేదు. డాబా దిగి వచ్చేసరికి కాఫీ గ్లాసు మీద మూతపెట్టి ఉంచి, "ఇవాళేమన్నా అన్నారా వాళ్ళు?" అని అడిగేదానివి. ఆ అడగడంలో వేళాకోళం లేదనుకున్నాను. ఆ నమ్మకం పోయాక ఆ ఇనుము నాకెందుకు?

అన్నట్టు, మాగాయ జాడీ కనిపించడం లేదు.

నీ
దత్తాత్రేయ


కూచిపూడి,
శుక్రవారం.

ఏమండీ,

మీ ఉత్తరం చదివి అక్కయ్యకు మందులివ్వడం కూడా మర్చిపోయాను. పోస్టులో వేస్తే ఆదివారం దాటిపోతుందని దీన్ని అక్కయ్య కొడుకు పవన్‌కుమార్ చేతికిచ్చి పంపుతున్నాను. ముందు ఆ సాయిగణేష్‌ని వద్దనండి.

నేను నవ్వింది మా తమ్ముణ్ణి చూసి. వాడు ప్రతి నెలా ఒకటో తారీఖున నాకు ఫోన్ చేస్తాడు. "అక్కా, బావగారికేమన్నా వినపడిందా?" అంటాడు. "ఇంకా లేదురా" అంటే ఉసూరుమంటాడు. "నేనడిగానని చెప్పకే, పరువు పోతుంది" అని ఒట్టు కూడా వేయించుకున్నాడు. పెళ్ళినాడు పొద్దున హాలు మెట్ల మీద కూడా అదే అడిగాడు. అలాంటివాడు విస్తరి ముందు కూర్చుని అంత గొంతేసుకుని మిమ్మల్ని ఎగతాళి చేస్తుంటే నాకు నవ్వు ఆగుతుందా? ఇవాళ్టితో ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

ఇంకో మాట. కార్తీకం వస్తోంది. మామగారు పోయినప్పటి నుంచి ఏటా ఆయన పేరున నేను ఆకాశదీపం ఎత్తేది ఆ స్తంభానికే. అటునుంచి ఏమన్నా వస్తుందేమోనని మీరు వింటూ కూర్చుంటారు. ఇటునుంచి కూడా ఎవరో ఒకరు పంపాలి కదండీ.

మాగాయ బియ్యం డబ్బా వెనకాల ఉంది. భోంచేశారా?

మీ
రమాసుందరి


పటమట,
ఆదివారం.

రమా,

సాయిగణేష్ వచ్చాడు. వచ్చినవాణ్ణి ఊరికే పంపడమెందుకని స్తంభం ఎక్కించి, నీ దీపం గిలకకు నూనె వేయించాను. తాడు కూడా కొత్తది కట్టాడు. కార్తీకానికి ముందే వచ్చెయ్యి.

ఇకమీదట ఒకటో తారీఖున నాకే ఫోన్ చేయమని ఉదయభాస్కర్‌తో చెప్పు. పెళ్ళి పంక్తిలో అన్న మాటకు మొదట ఒక గంటసేపు తిట్లు తినాలి. ఆ తర్వాత వాడు అడిగినవన్నీ చెబుతాను. పైవాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, నేను మాత్రం మొదటి రింగుకే ఎత్తుతాను.

భోంచేశాను.

దత్తాత్రేయ