ఆ ఇంజక్షన్ ఆశ్రితకు వద్దని మనవి

సూపరింటెండెంట్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాలుగో వార్డులోని నా కుమార్తె ఆశ్రితకు రేపటి సిజేరియన్‌కు ముందు రక్తపరీక్ష జరిపించుట గురించి.

నేను సంతోష్‌నగర్ నివాసిని. చార్మినార్ వద్ద బట్టల వ్యాపారిని.

1. నా భార్య వాసవాంబ నిరుడు తమ ఆసుపత్రిలోనే పిత్తాశయం ఆపరేషన్ తర్వాత మరణించింది. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే ఇంజక్షన్ ఇచ్చారు. దాని ప్రభావాన్ని విరిచే ఎంజైమ్ కాలేయంలో తయారవుతుంది. మా వైశ్యులలో కొందరికి అది పుట్టుకతోనే సరిగా పనిచేయదు. ఆమెకు పనిచేయలేదని తర్వాత తేలింది. ఊపిరి నిలదొక్కుకోకముందే గొట్టం తీశారు. నన్ను పిలిచేసరికి కదలిక లేదు. కంటి మూల నుండి నీరు కారుతోంది.

2. వాసవాంబ ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు మా కులం అడిగారు. కారణం చెప్పలేదు. నా బావమరిది సీతారాంకు కోపం వచ్చింది. "దవాఖానల గూడ కులమేంది సార్? మనుషులమని రాసుకోండి" అన్నాడు. డాక్టరు నవ్వి వెళ్లిపోయారు. మేమందరం సీతారాంను మెచ్చుకున్నాం.

3. ఆశ్రితను సీతారాం కుమారుడు నిఖిలేష్‌కే ఇచ్చాం. ఈ ఉదయం నుండి సీతారాం కనిపించిన ప్రతి తెల్లకోటుకూ "మేం వైశ్యులం సార్, రాసుకోండి" అని చెబుతున్నాడు. వార్డుబాయ్ ఒకరు "అయితే ఏంది సేట్, దావత్ ఇస్తవా?" అన్నారు.

4. ఇన్నాళ్లూ మామూలు కాన్పే అన్నారు. బిడ్డ అడ్డం తిరిగిందని నిన్ననే తేలింది. ఆ ఎంజైమ్ పరీక్ష చేయమంటే ల్యాబులో "డాక్టర్ రాయాలె బాపు" అన్నారు. డ్యూటీ డాక్టరు గారు "నడుముకిచ్చే మత్తే అంకుల్, ఫికర్ చెయ్యకండి" అన్నారు. అది ఎక్కకపోతే మళ్లీ గొట్టం, ఆ ఇంజక్షనే కదా అని అడిగాను. "అప్పుడు చూద్దాం" అన్నారు.

అప్పుడు చూసే వ్యవధి వాసవాంబకు దొరకలేదు.

5. తల్లి లోపంలో సగం ఆశ్రితకు వచ్చే ఉంటుంది. నా నుండి మిగతా సగం వెళ్లిందో లేదో నాకు తెలియదు. ఆశ్రిత మాత్రం "నాన్నా, లొల్లి చెయ్యకు. వాళ్లకు కోపమొస్తే లోపల ఉండేది నేను" అంటోంది. అందుకే నోటితో కాక కాగితంపై మనవి చేస్తున్నాను.

కావున ఈ దినమే పరీక్ష జరిపించి, ఫలితం వచ్చేవరకు ఆ ఇంజక్షన్ ఇవ్వరాదని కేస్‌షీటుపై రాయించి, కృత్రిమ శ్వాస యంత్రం సిద్ధంగా ఉంచవలసిందిగా కోరుతూ, తమరు చిత్తగించగలరని నమ్ముతూ,

తమ విధేయుడు
వైకుంఠం

తా.క.: నొప్పులు వచ్చి ఇప్పుడే లోపలికి తీసుకుపోయారు. రేపటిదాకా వ్యవధి లేదు. ఈ అర్జీపై ఇన్‌వర్డ్ ముద్ర తర్వాత వేయించండి. ముందు ఆపరేషన్ థియేటర్‌కు ఫోన్ చేయండి సార్. నేను తమ గది బయటే నిలబడి ఉన్నాను.