రికార్డులో నీ గాజుల చప్పుడు

సుబ్బులూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి నంద్యాల పోయి, మద్రాసులో నువ్వు వంత పాడిన రికార్డు అక్కడి అంగట్లో వేయించుకుని విన్నాను. దాని మీద ముందు పాడిన పెద్దామె పేరొక్కటే ఉంది.

వెనక మీరు నలుగురు ఆడపిల్లలు ఒక్క గొంతులాగే పాడారు. అందులో నీది ఏదో తెలుసుకోవాలని ఎంత చెవి పెట్టినా తెలియలేదు. మళ్లీ వేయించుకున్నాను. ఈసారి రెండో చరణం చివర సన్నగా గలగలమని వినబడింది.

"ఇదేందప్పా?" అని అంగడాయన్ని అడిగాను.

"గాజుల చప్పుడమ్మా. పాడేటప్పుడు తీసేయమంటారు. ఎవురో మాట ఇనని పిల్ల!" అని నవ్వినాడు.

నీ జాబు గుర్తుకొచ్చింది. "గాజులు తీయమన్న్యారుమా. చేతులు బోసిగా ఉండకూడదంటావు గదా, తీయకుండా రుమాలు చుట్టుకోని పాడినా" అని రాశావు. ఆ ముడి వదులైనట్టుంది. మళ్లీ పాడించకుండా అదే ఎందుకు ఉంచేశారో, నిన్ను తిట్టారో లేదో, అదొక్కటీ రాయలేదు నువ్వు.

"ఇంకోసారి ఆడికే సూది పెట్టప్పా" అన్నాను.

"మొదట్నుంచి ఇనవామ్మా? పాట బాగుంటాది."

"పాట వద్దులేప్పా. నా బిడ్డ ఆడుంది."