పదింటి ధర్నాకి తొమ్మిదని

బాబాయ్, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మునిసిపల్ స్కూలు స్థలం అమ్మొద్దంటూ ఇవాళే గవర్నర్‌పేటలో ధర్నా పెట్టాం.

నీలా గోడలకి పోస్టర్లు అంటించలేదు. నెట్ సెంటర్లో కూర్చుని ఈమెయిల్ పంపితే, ఒకరి నుంచి ఒకరికి ఊరంతా పాకిపోయింది. టైము మాత్రం నువ్వు నేర్పినట్టే వేశాను, పదింటి ధర్నాకి తొమ్మిదని. మనవాళ్లు ఎప్పుడూ గంట లేటుగానే వస్తారు కదా!

పదికి మేం జెండాలతో వెళ్లేసరికి అక్కడ పోలీసు వ్యాను తప్ప ఎవరూ లేరు. టీ కొట్టు రమణమ్మ నన్ను చూసి కేకేసింది.

"ఇప్పుడా అండీ రావటం? ముక్కూ మొహం తెలియని పిల్లలు తొమ్మిదికల్లా వచ్చి నిలబడ్డారు. మీకోసం చూసి చూసి వాళ్లే మొదలెట్టారు. అందర్నీ వ్యానెక్కించేశారు!"

పరిగెత్తి కిటికీ ఊచలు పట్టుకున్నాను. లోపల ఒక్కరూ తెలిసినవాళ్లు కారు. "బడి మాది, జాగా మాది" అంటూ ఒకమ్మాయి గొంతు చించుకుని అరుస్తోంది. నువ్వు గోడల మీద రాసిన నినాదమే బాబాయ్, మెయిల్ చివర నేనే పెట్టాను.

వ్యాను కదలబోతోంది. ఆ అమ్మాయి నన్ను చూసి, "మీరూ నెట్లో చూసే వచ్చారా అండీ?" అంది.

అవునన్నాను. వెనక తలుపు తీయించుకుని నేనూ ఎక్కాను.